మంచం మీద నుంచి తోట దాకా

డాక్టరమ్మ ఎడమ వైపుకే తిరిగి పడుకోమన్నది కాబట్టి నివేదితకు ఐదో నెల నుంచీ లోకమంతా ఎడమ వైపే ఉంది. ఎడమ వైపు కిటికీ, కిటికీ అవతల ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు, దుప్పట్ల పైన మబ్బు కప్పిన కొండల వరస, ఆ కొండల మొదట్లో ఎక్కడో, ఇక్కడికి కనబడనంత దూరాన, సేత్తూరు దాటాక చిన్నాయన జగదీశన్ మామిడితోట. కొండలు కదలవు, తనూ కదలకూడదు, కడుపులో ఉన్నది మాత్రం ఇష్టమొచ్చినట్టు కదులుతుంది. దిండుకు ఓరగా ఆనించిన ల్యాప్‌టాప్‌లో చిన్న నల్లటి గడి ఒకటి తెరుచుకుని ఉంది, ఆ గడిలోకి చూస్తే తోట అరచేతి దూరంలో ఉంది. అక్కడ మోటర్ రూమ్ గోడకు బిగించిన డబ్బాలో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద కంప్యూటర్ ఉంది. ఏనుగు వచ్చి వెళ్ళిన రాత్రి నుంచి పలకనిది, ఈ మధ్యాహ్నం చిన్నాయన పంపిన మనిషి పడిపోయిన యాంటెన్నాను మళ్ళీ నిలబెట్టాక, ఇప్పుడే పలికింది. ఇక్కడ ఒక మాట టైపు చేస్తే అక్కడ ఆ డబ్బాలో అది జరిగి, జవాబు ఇక్కడికి తిరిగి వస్తుంది. కాలు కింద పెట్టకుండా పొలం పోయినట్టే. పెళ్ళికి ముందు హైదరాబాదు ఆఫీసులో రోజూ చేసిన పనే ఇది, ఏ దేశంలో ఉందో కూడా తెలియని యంత్రాల మీద కోడ్ నడపడం. అప్పుడు అవతలి వైపు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇప్పుడు ఇసక్కియమ్మాళ్ ఉంది.

ఇసక్కియమ్మాళ్ తోట కాపలా కరుప్పయ్య భార్య. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తోటకు పోతే తనను చంకనెత్తుకుని చెట్టుచెట్టుకూ తిప్పిన మనిషి, కడుపుతో ఉన్నానని తెలిశాక పుల్లటి పిందెలు ఏరి కొంగున కట్టుకుని బస్సెక్కి వచ్చిన మనిషి. ఆ పిందెల పులుపు ఇప్పటికీ పళ్ళ మీద ఉంది. కరుప్పయ్య మదురైలో ఆస్పత్రిలో ఉన్నాడు, తొడ ఎముక విరిగి, చిన్నాయన ఆయన పక్కనే ఉన్నాడు. ఏనుగు గుడిసె గోడను తోసినప్పుడు గోడ ఆయన మీద పడింది. ఏనుగు ఆయన్ను ఏమీ అనలేదు, లోపలున్న పనసపండ్ల కోసం వచ్చింది, తిన్నది, పోయింది. కూయాల్సిన హారన్ కూయలేదు. ఆ హారన్ కూయించే ప్రోగ్రాం రాసింది నివేదిత. కెమెరా చెట్ల వైపు చూస్తూ ఉండాలి, ఏనుగు కనబడితే గుర్తుపట్టాలి, గుర్తుపట్టగానే గుడిసెలో హారన్ మోగాలి, మోగగానే మనుషులు మోటర్ రూమ్‌లోకి పోయి తలుపు వేసుకోవాలి, దానికి కాంక్రీటు గోడలు. అంతే. టపాసులు వద్దు, ఏనుగును బెదరగొట్టడం వద్దు, అది దాని దారిన పోతుంది, మనం దారి నుంచి తప్పుకుంటే చాలునని చిన్నాయనతో వాదించి ఒప్పించింది తనే. మామిడి పూత నాటికి రెండుసార్లు కూసింది, సరిగ్గానే కూసింది. మూడోసారి ఏమైందో.

మదురైకి తీసుకుపోయే ముందు ఆంబులెన్స్ ఇంటి ముందు ఆగింది, చిన్నాయన బట్టల సంచీ కోసం. అప్పుడు ఇసక్కియమ్మాళ్ దిగి లోపలికి వచ్చి ఈ మంచం కాళ్ళ దగ్గర నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. "ఒన్ పెట్టి ఏన్ సత్తం పోడల, పాపా?" అని అడిగింది. నీ పెట్టె ఎందుకు సద్దు చేయలేదని. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, పిల్లకు జ్వరం ఎందుకొచ్చిందని డాక్టరును అడిగినట్టు. తెలియదక్కా, కనుక్కుంటానన్నది నివేదిత. ఆవిడ తల ఊపి పోయింది. ఆ తల ఊపడం ఉందే, నమ్మినట్టు కాదు, నమ్మనట్టూ కాదు, నువ్వు చెప్పినావు నేను విన్నానన్నట్టు. అప్పటి నుంచి కళ్ళు మూస్తే అదే కదులుతోంది.

ఇవాళ యాంటెన్నా మనిషి బండి మీద, మదురై నుంచి తిరిగొచ్చిన ఆవిడ కూడా తోటకు పోయింది. మేకలు ఉన్నాయి కదా, ఎన్నాళ్ళని పక్క తోటవాళ్ళు చూస్తారన్నది. పనయ్యాక అతను రమ్మంటే రానన్నదట. పాతికమంది రైతులున్న వాట్సాప్ గుంపులో ఇందాక మెసేజ్ వచ్చింది, మంద వాగు దాటిందని, పెద్దవి మూడు, పిల్ల ఒకటి, సేత్తూరు వైపుకే దిగుతున్నాయని. అటవీశాఖ వాళ్ళు మంసాపురం వైపు వేరే మంద వెనక ఉన్నారు, వస్తామన్నారు, ఎప్పుడన్నది చెప్పలేదు. ఇసక్కియమ్మాళ్ ఫోనుకు గేటు దగ్గర నిలబడితే తప్ప సిగ్నల్ దొరకదు. నివేదిత చేసింది, మళ్ళీ చేసింది, తొడర్పు ఎల్లైక్కు వెలియే అని, ఫోను అందుబాటులో లేదని, ఆ రికార్డు గొంతు అదే చెబుతోంది. మిగిలింది ఈ నల్లటి గడి ఒక్కటే.

అమ్మ ఇందిరాణి వాకిట్లో దీపం వత్తి సరిచేసి గదిలోకి వచ్చి నిలబడింది. అమ్మకు ఈ ల్యాప్‌టాప్ మీద మొదటి నుంచీ కోపమే. దాని వేడి కడుపుకు తగులుతుందని ఒకసారి, కళ్ళు పోతాయని ఒకసారి.

"పాపా, అది మూసిపెట్టి కాసేపు కండ్లు మూసుకో. డాక్టరమ్మ ఏమి చెప్పింది నీకు?"

"ఇసక్కియక్క ఒంటిగా ఉండాది మా. యానగలు దిగినాయంట."

"అయ్యో, ఎవర్నైనా అనుప్పుదాము. నువ్వు పండుకోని ఏమి చేసేది?"

"పండుకోనే చేస్తాను."

ఎవరినైనా పంపితే ఆ దారిలోనే మందకు ఎదురవుతారన్నది అమ్మకూ తెలుసు, చీకటి పడ్డాక ఆ దారిలో బండి వేసుకుని ఎవరూ పోరు. పోయి వంటింట్లో గ్యాసు ఆపి వచ్చింది, కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

ముందు హారన్. హారన్ చెడిపోయిందేమో. గోడతోపాటు తీగ తెగిందేమో. ఒక్క వరుస రాసి ఇక్కడి నుంచి నొక్కింది, కెమెరా బొమ్మను పక్కన తెరిచి పెట్టుకుంది. బొమ్మలో మామిడిచెట్లు, సగం పడిన గుడిసె, దాని మీద కప్పిన నీలం టార్పాలిన్. శబ్దం ఇక్కడికి రాదు. కానీ టార్పాలిన్ కింద నుంచి ఇసక్కియమ్మాళ్ బయటికి వచ్చింది, చేతిలో చీపురు, కొండ వైపు ఒక్కసారి చూసి చీపురు పారేసి మేకల్ని అదిలించుకుంటూ మోటర్ రూమ్ వైపు నడిచింది. పరుగు కాదు, పెద్ద పెద్ద అంగలు. అంటే హారన్ మోగింది. అంటే ఆవిడ ఇంకా ఆ హారన్‌ను నమ్ముతోంది. ఒక్కసారి మోసం చేసిన దాన్ని మళ్ళీ నమ్మి మేకల్ని కూడా తీసుకుని పోతోంది చూడు. కాసేపటికి ఆవిడ తలుపు తీసి బయటికి వచ్చింది, చెట్లలోకి చూసింది, ఏమీ లేదు, తిరిగి కెమెరా వైపు చూసింది. ఆ చూపు నేరుగా మంచం మీదకు వచ్చింది. ఏమిటే ఇది అని. సారీ అక్కా, ఊరికే చూసినా, అని నివేదిత పైకే అనేసింది, అమ్మ ఉలిక్కిపడింది. ఇంకోసారి ఊరికే కూయించకూడదు. రెండోసారికి ఎవరికైనా నమ్మకం పలచబడుతుంది.

సరే, హారన్ బాగుంది. ఏనుగు కనబడితే ఇప్పుడు చేసినట్టే ఇక్కడి నుంచి చేత్తో కూయించొచ్చు, ఇవాళ్టికి. తను కళ్ళు తెరిచి ఉన్నంతసేపు. ఈ దారం తెగనంతసేపు. అలా అనుకుంటుండగానే నల్లటి గడిలో మెరిసే గీత ఆగిపోయింది. టైపు చేసినా అక్షరం పడదు. కొండ మీద వాన, యాంటెన్నా ఊగుతోందేమో. ఎంతసేపన్నది కూడా మరిచిపోయి చూస్తూ ఉంది, అక్షరాలు ఒక్కసారిగా గుంపుగా వచ్చి పడ్డాయి. అయితే చేతిని నమ్ముకోవడానికి లేదు. రేపు నొప్పులొస్తే, బిడ్డ జారకుండా వేసిన కుట్టు డాక్టరమ్మ విప్పే రోజు వస్తే, తను ఆస్పత్రి బల్ల మీద ఉంటే, అక్కడ ఎవరు కూయిస్తారు? అది అక్కడ దానంతట అదే కూయాలి. ఎందుకు కూయలేదో ఇవాళే తెలియాలి. పక్కటెముకల కింద ఒక తన్ను తగిలింది. ఉండు కన్నా, నీ వంతు రానీ.

పొట్ట గట్టిపడింది. రాయిలా గట్టిపడి, అలాగే నిలిచి, మెల్లగా వదిలింది. డాక్టరమ్మ చెప్పింది, అప్పుడప్పుడూ వస్తుంది, వెంట వెంటనే వస్తేనే ఫోన్ చేయమని. స్కానింగ్ రోజున ఆవిడ తెర మీద బూడిద రంగు నీడను చూపించి ఇదిగో వెన్ను, ఇదిగో చెయ్యి అన్నది. తనకేమీ కనబడలేదు, కనబడిందని తల ఊపింది. పక్కన మొగుడు సెంథిల్‌కుమార్ కూడా తల ఊపాడు, బయటికొచ్చాక నీకు కనబడిందా అని ఒకరినొకరు అడుక్కుని నవ్వుకున్నారు. సెంథిల్ కోయంబత్తూరులో ఉన్నాడు, డ్యూటీలో ఉంటాడు, ఇప్పుడు ఫోన్ చేస్తే భయపడతాడు. తర్వాత. తోట కెమెరా కూడా చీకటి పడగానే అలాంటి బూడిద బొమ్మలే ఇస్తుంది. ఆ బూడిదలో ఏది చెట్టు ఏది ఏనుగు అని యంత్రానికి నేర్పడానికే తనకు ఏడాది పట్టింది. నేర్చుకోలేదా అది? ఆ రాత్రి ఏనుగును చూసి చెట్టనుకుందా?

డబ్బాలో దాచిన ఫొటోలు వెతికింది. ఉంది. ఆ రాత్రిదే. గుడిసె మూలన ముంగిలి నిండా నిలబడిన వెన్ను, తొండం గోడ మీద. దాని చుట్టూ ప్రోగ్రాం గీసిన పచ్చ చట్రం, పైన పేరు, ఏనుగు అని. చూసింది. గుర్తుపట్టింది. నోరు మెదపలేదు. గుడ్డిదైతే పోనీ అనుకోవచ్చు, కళ్ళెదుట చూసి, పేరు కూడా పెట్టి, ఊరుకున్నదాన్ని ఏమనాలి? ఆ ఫొటోను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి ఇక్కడే, దిండు మీదే ప్రోగ్రాం నడిపింది. వెంటనే "హారన్" అని తెర మీద పడింది. ఇక్కడ కూస్తుంది. అదే కోడ్, అదే ఫొటో, అక్షరం తేడా లేదు, అక్కడ కూయదు. హైదరాబాదులో ఇలాంటివి వస్తే నా మెషీన్‌లో పని చేస్తోందే అని అనేవాళ్ళు, అందరూ నవ్వేవాళ్ళు. ఆ టీమ్‌లో ఒకమ్మాయి, తమిళ ఊళ్ళో తరాలుగా మాట్లాడుతున్న తన ఇంటి తెలుగును కూడా అలాగే చూసేది. 'వచ్చినాడు' అంటే ముద్దుగా ఉందనేది, మీరు ఏ కాలంలో ఆగిపోయారు అని అడిగేది. ఆగలేదమ్మా, మేము వేరే చోట నడుస్తూ వచ్చినాము, అని చెప్పాలని ఆ రోజు తోచలేదు, ఇన్నేళ్ళకు తోస్తోంది. వేరే చోట. అవును, ఇక్కడ కాదు, అక్కడే నడపాలి. తన చల్లని గదిలో, తన ల్యాప్‌టాప్‌లో ఎంత నడిపినా అది ఇక్కడి సంగతే చెబుతుంది. ఆ డబ్బాలో ఏముందో ఆ డబ్బాలోనే, ఒక్కో వరుస దగ్గర ఆపి, ఇప్పుడు నీకేం కనబడుతోంది, ఇప్పుడేం అనుకుంటున్నావు అని అడుగుతూ పోవాలి.

కోడ్ ఇక్కడ తెరిచింది, పరుగు మాత్రం అక్కడ పెట్టింది. మొదటి వరుస దగ్గర ఆపింది. ఫొటో తెరిచావా, తెరిచాను. రెండోది. ఏముంది అందులో, ఏనుగు. గట్టిగా చెప్పగలవా, చెప్పగలను. ప్రతి అడుగుకూ జవాబు వాన దాటుకుని నెమ్మదిగా వస్తోంది, కొండ మీద నుంచి ఎవరో కేకేసి చెబుతున్నట్టు. కిటికీలో దుప్పట్లు ఎవరో తీసేశారు. మేడ మీద ఆకాశం ఊదా రంగుకు తిరిగింది, కాకులు మిల్లు వైపు పోతున్నాయి. కెమెరా బొమ్మలో రంగులు వెలిసిపోయి బూడిదవుతున్నాయి. అమ్మ లైటు వేసింది. వద్దు మా, తెర కనబడదంటే ఆర్పేసింది. తర్వాతి వరుస చిన్నది. చిన్నాయన అడిగితే రాసింది, పగలు పాలేర్లు, ఎద్దులు, ట్రాక్టరు తిరుగుతుంటే హారన్ ఊరికే కూస్తోందని, పనివాళ్ళు నవ్వుతున్నారని. అందుకని పగలైతే ఊరుకో, పొద్దు వాలాకే కూయి, అని ఒక్క షరతు. ఆ వరుస దగ్గర ఆపి అడిగింది, ఇప్పుడు వేళెంత?

మధ్యాహ్నం అన్నది.

మళ్ళీ అడిగింది. పన్నెండు దాటి ఇంకా ఒంటిగంట కూడా కాలేదని చెప్పింది. అప్పుడే మిల్లు సంగు ఊదింది, సాయంత్రం ఆడవాళ్ళను ఇళ్ళకు వదిలే సైరన్, పుట్టినప్పటి నుంచీ వింటున్నది, కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. సంగు ఇక్కడ సాయంత్రమంటోంది, డబ్బా అక్కడ మిట్టమధ్యాహ్నమంటోంది. వేసవిలో పిడుగు పడి డబ్బాలోని మెమరీ కార్డు కాలిపోతే కొత్త కార్డు వేయించింది, మంచం ఎక్కడానికి ముందు వారం. పాత కార్డులో గడియారం మన వేళకు తనే తిప్పి పెట్టింది. కొత్తదానికి పెట్టలేదు, అది ఎక్కడో ఇంగ్లండు వేళలో నడుస్తోంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఆ రాత్రి దీపాలు పెట్టే వేళకు ఏనుగు వచ్చింది, డబ్బా చూసింది, గుర్తుపట్టింది, మధ్యాహ్నం కదా, పగలు కదా, ఎద్దులు తిరిగే వేళ కదా, నాకు ఊరుకోమని చెప్పారు కదా అనుకుని ఊరుకుంది. చెప్పింది చెప్పినట్టు చేసింది. ఫొటో ఫైలు పేరులోనే ఆ మధ్యాహ్నపు వేళ ఉంది. ఇందాక డబ్బాలో ఆ ఫొటో దొరికినప్పటి నుంచి ఎన్నిసార్లు తెరిచిందో. బొమ్మనే చూసింది, ఫైలు పేరు చదవలేదు.

నవ్వడానికీ ఏడవడానికీ తర్వాత టైం ఉంది. గడియారాన్ని మన వేళకు తిప్పింది. వేళెంత అని అడిగింది, సాయంత్రమని చెప్పింది. అంతటితో సరిపెట్టుకోలేదు. రేపు ఇంకో కార్డు వేస్తారు, ఇంకో పిడుగు పడుతుంది, ఇంకెవరో మరిచిపోతారు. గడియారాన్ని అడగడమే మానిపించి, కెమెరా బొమ్మ బూడిదైతే పొద్దు వాలినట్టే లెక్క అని ఆ వరుసను మార్చి రాసింది. చీకటి ఏ దేశపు వేళలోనూ అబద్ధం చెప్పదు. ఇంకొకటి. ఇప్పుడిలా ఇక్కడి నుంచి నడిపిస్తే ఈ ల్యాప్‌టాప్ మూసిన మరుక్షణం అక్కడ పరుగు ఆగిపోతుంది. అలా ఉండకూడదు. కరెంటు రాగానే తనంతట తాను లేచి నడిచేట్టు, ఎవరున్నా లేకున్నా నడుస్తూనే ఉండేట్టు, ఆ డబ్బా సొంత పనిగా దాన్ని కుదిర్చింది. ఒక చేత్తోనే. రెండో చెయ్యి బరువు కింద తిమ్మిరెక్కి తన చెయ్యి కాకుండా పోయింది. ఒక తప్పు, దిద్దింది. ఇంకో తప్పు, దిద్దింది. లేచింది. నడుస్తోంది. కొండ మీద వాన ఇంకా ఉంది, గీత ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది.

ఇప్పుడు చేయాల్సిందేమీ లేదు, అదే కష్టంగా ఉంది. బూడిద బొమ్మలో ఇసక్కియమ్మాళ్ టార్పాలిన్ కింద పొయ్యి వెలిగించింది, మంట తెల్లటి చుక్కలా మెరుస్తోంది. చెట్ల మధ్య నీడలు. అన్నీ ఏనుగుల్లాగే ఉన్నాయి, ఒక్కటీ కాదు. అమ్మ కుర్చీని ఇంకా దగ్గరికి జరిపి, కళ్ళద్దాలు తెచ్చుకుని, తెరలోకి వంగింది. పొట్ట ఇంకోసారి గట్టిపడి వదిలింది. కుడి చెయ్యి హారన్ వరుస మీదే ఉంది, నొక్కితే చాలు. తను నొక్కకూడదు, ఆ డబ్బానే నొక్కాలి. కానీ అది నొక్కకపోతే? చెట్ల చివర ఒక చీకటి మిగతా చీకటికన్నా మందంగా అయింది. కదిలిందా? కదిలింది. దాని పక్కన చిన్నది. నివేదిత వేలు మీట మీద ఆనింది. ఒక్క క్షణం, అక్కా, దానికి ఒక్క క్షణం ఇవ్వు. పచ్చ చట్రం పడింది. పేరు పడింది. ఆ కింద వరుస పడేలోపు గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎవరి గుండె కొట్టుకుందో.

"హారన్."

ఇసక్కియమ్మాళ్ పొయ్యి మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించింది. మేకల్ని తోలింది. ఇందాకటిలా అంగలు కాదు, ఈసారి పరుగు. ఒక మేక అడ్డం తిరిగితే చెవి పట్టి లాక్కుపోయింది. తలుపు మూసుకుంది. తర్వాత చాలాసేపు ఏనుగులే ఉన్నాయి తెర నిండా. పెద్దది టార్పాలిన్ ఎత్తి చూసి కింద పడేసింది, పిల్ల ఆ టార్పాలిన్ మీద ఎక్కి తొక్కి జారి తల్లి కాలికి తగిలింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నివేదిత వేలు తీసేసి చాలాసేపయిందని అప్పుడు గమనించుకుంది. మంద మోటర్ రూమ్ గోడను రాసుకుంటూ, డబ్బా పక్క నుంచే, వాగు వైపుకు దిగిపోయింది.

చెట్లన్నీ మళ్ళీ చెట్లయ్యాక, చాలా ఆలస్యంగా, మోటర్ రూమ్ కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. టార్చ్ లైటు ఒకటి బయటికి వచ్చి చెట్లంతా వెతికి, గుడిసె వెతికి, చివరికి కెమెరా వైపు తిరిగి నిలిచింది. వెలుగుకు తెర తెల్లబారింది. ఆ తెల్లదనం వెనక ఆవిడ ముఖం కనబడలేదు. లైటు ఆరింది, కిటికీ మూసుకుంది. తెల్లారేదాకా తలుపు తీయదు, తెలివిగల మనిషి.

నివేదిత నల్లటి గడిని మూసింది. తర్వాత ల్యాప్‌టాప్ మూత కూడా దించింది. గది చీకటైంది.

"ఏమైంది పాపా, నిలిచిపోయిందా? కరెంటా?"

"లేదు మా. నేనే మూసినాను."

"అయితే అక్కడ?"

"అక్కడ నడుస్తా ఉండాది. నేను వద్దు దానికి."

అమ్మ చీకట్లోనే ఆమె తిమ్మిరెక్కిన చేతిని వెతికి పట్టుకుని, మోచేతి నుంచి వేళ్ళ దాకా రుద్దడం మొదలుపెట్టింది. రక్తం తిరిగి వస్తుంటే సూదులు గుచ్చినట్టుంది. నివేదిత పళ్ళు బిగించి, ఇంకా గట్టిగా రుద్దు మా అన్నది.